రుచి చూడని వంటమనిషి

కూర్మమ్మ బతికే ఉంది. ఈ సంగతి ముందుగా చెప్పడం అవసరం. మా వైపు ఒక మామూలు మనిషి గురించి అచ్చులో నాలుగు మాటలు రావాలంటే ఆ మనిషి ముందు కన్ను మూయాలి. బతికున్న వంటమనిషి జీవితం రాయాలని ఎవరికీ తోచదు. నేను రాసినదంతా ఆమెకు రెండు పూటలు కూర్చుని చదివి వినిపించాను. రెండు చోట్ల కొట్టివేయించింది. మిగిలినదానికి ఒప్పుకుంది. నన్ను గురించి రాసిన చోట్ల మాత్రం ఒక్క అక్షరం తగ్గించనివ్వలేదు.

ఆమె పుట్టిల్లు కొత్తవలసకు పడమట ఒక మెట్ట పల్లె. చోడి అంబలి తాగి, రైలు కట్ట పక్కన మేకలు కాసుకుని పెరిగిన పిల్ల. పద్దెనిమిదో ఏట మా ఊరి నూకయ్యకు ఇచ్చి చేశారు. మా ఊరు నెల్లిమర్లకు మూడు మైళ్ళు, చంపావతి ఒడ్డున ఉంటుంది. నూకయ్య జనపనార మిల్లులో పని చేసేవాడు. ఊళ్ళో ఎకరం మడి ఉండేది. నూకయ్య నాకు వరసకు తమ్ముడి కొడుకు. అందుకే ఆమె నన్ను మావా అని పిలుస్తుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు, హేమ.

రెండువేల మూడులో బడిలో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు, పొదుపు సంఘం తరఫున కూర్మమ్మా, ఆమె తోటికోడలు బుల్లమ్మా వంటకు కుదిరారు. ఎనభై నాలుగు మంది పిల్లలు. రేకుల పాక, మూడు రాళ్ళ పొయ్యి, రెండు గుండిగలు. బుల్లమ్మ కూరగాయలు తరిగేది. పొయ్యి దగ్గర పెత్తనమంతా కూర్మమ్మది. పప్పులో ఉప్పు ఎంతో చేతికే తెలుసు. ఏ పిల్ల వంకాయ పక్కకు తోస్తుందో, ఏ పిల్లవాడు రెండోసారి అడగడానికి సిగ్గుపడి ఖాళీ పళ్ళెం ముందు కూర్చుంటాడో ఆమెకు తెలుసు. పదకొండేళ్ళు ఆ పాకలో పొగ తింది.

మా వైపు పెళ్ళిళ్ళలో, సంబరాలలో ఒక కట్టుబాటు ఉంది. వంట దించిన తరువాత, పంక్తి వేయకముందు, వండిన మనిషి పొయ్యి దగ్గరే నిలబడి నలుగురూ చూస్తుండగా ఒక ముద్ద తినాలి. దాన్ని పొయ్యి ముద్ద అంటాం. వండినవాళ్ళు తినని కూడు ఎవరూ ముట్టకూడదని మా పెద్దల మాట. కూర్మమ్మ ఆ కట్టుబాటును ఎవరూ చెప్పకుండానే బడికి తెచ్చింది. ఒకటో తరగతి పిల్లల వరస చివర తన పళ్ళెం పెట్టుకుని చతికిలబడి, అందరికంటే ముందు ముద్ద నోట్లో పెట్టుకునేది. ఆమె నమిలి తల ఊపిన తరువాతే పిల్లలు చేతులు పెట్టేవారు. అది వాళ్ళకు ప్రార్థన గంటలాంటిది.

ఆ పళ్ళెం ఎప్పుడు కనపడకుండా పోయిందో నేను గమనించలేదు. తరువాత తారీఖులన్నీ కలిపి చూసుకుంటే రెండువేల పదమూడు వేసవి అని తేలింది.

జబ్బు అంతకుముందే వచ్చింది. చలికాలపు పొద్దుట బియ్యం కడుగుతుంటే వేళ్ళు తెల్లగా సున్నం ముక్కల్లా అయిపోయేవి. తరువాత నీలం, తరువాత ఎరుపు. పొయ్యి సెగకు పెట్టుకుంటే నొప్పితో కళ్ళనీళ్ళు వచ్చేవి. మరుసటి ఏడాదికి చేతుల చర్మం బిగుసుకుంది. ముఖం మీద ముడతలన్నీ పోయి, నున్నగా, పలచగా, ఇరవై ఏళ్ళ పిల్ల ముఖంలా తయారైంది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా?

“ఏటే కూర్మీ, నూకయ్య నీకేటి రాస్తన్నాడే? నాకూ ఒక డబ్బా తెమ్మను,” అని ఒకామె ఎగతాళి చేస్తే, “మొగుడు రాస్తే మొకం నిగనిగలాడతాదేటి? మా ఆయన రాస్తే నల్లబడిపోనాది,” అని ఇంకొకామె అందుకునేదట. కూర్మమ్మ నవ్వేదట. నవ్వితే పెదవులు చాలినంత విచ్చుకోవడం లేదని అప్పటికే ఆమెకు తెలుసు. నోరు చిన్నదైపోతోంది. ముద్ద పట్టదు. పట్టినా దిగదు. రొమ్ము ఎముక వెనక ఇరుక్కుని కూర్చుంటుంది. ఒక్కొక్క మెతుకుకు గుక్కెడు నీళ్ళు కావాలి. రాత్రి పడుకుంటే తిన్నదంతా పులుసై గొంతులోకి వస్తుంది. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది.

వేళ్ళకని ఒక వైద్యుడి దగ్గరకు వెళ్ళింది, చర్మానికని ఇంకొకరి దగ్గరకు వెళ్ళింది. కుష్ఠు కాదు కదా అని ఒకచోట సూదితో గుచ్చి చూశారు. కడుపులో మంటకు ఊళ్ళో సైకిలు మీద తిరిగే వైద్యుడు గ్యాసు బిళ్ళలు ఇచ్చాడు. ఆ చీటీలు ఆరు నా దగ్గర ఉన్నాయి. ఆరింటిలో ఏ ఒక్కటీ మరొకదాన్ని చదివిన పాపాన పోలేదు. చదువుకున్నవాళ్ళు ఒక మనిషిని ముక్కలుగా చూడడం ఇంత సులభమా అని నాకు చాలాకాలం కోపంగా ఉండేది. ఆ కోపానికి నాకు హక్కు లేదని తరువాత తెలుసుకున్నాను.

ఇక ఆమె ఎవరికీ చెప్పనిది వేరే ఉంది. ఏది తిన్నా పొట్ట డప్పులా ఉబ్బేది. అరగంటలో విరేచనం. ఆపుకోవడం ఆమె వశంలో లేదు. ఒకసారి చీర తడిసిపోయేదాకా తెలియలేదు. అప్పటి నుంచి నల్లంచు ముదురు రంగు చీరలే కట్టింది. ఒక గుడ్డ సంచిలో మరో చీర మడిచి పెట్టుకుని పనికి వచ్చేది. పక్కనే పారే గెడ్డ దగ్గరకు వెళ్ళి, మార్చుకుని, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చేది. అయినా ఆమెకు తృప్తి లేదు. పిల్లల అన్నం దగ్గర అలాంటిది జరగకూడదని ఒక ఉపాయం కనిపెట్టింది. పొద్దుట లేచింది మొదలు, బడి గిన్నెలు తోమి ఇంటికి చేరేదాకా ఏమీ తినడం మానేసింది. కడుపులో ఏమీ లేకపోతే బయటికి ఏమీ రాదు కదా. ఎనభై నాలుగు మందికి వండి, వార్చి, వడ్డించి, తాను మంచినీళ్ళతో నిలబడేది. మనిషి ఏడాదిన్నరలో సగమైంది.

ఆ సమయంలోనే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వడ్డించడానికి అరగంట ముందు ఒక ఉపాధ్యాయుడూ, ఒక వంటమనిషీ అన్నం రుచి చూసి పుస్తకంలో సంతకం చేయాలి. ఆమె ముద్ద నోట్లో పెట్టుకునేది. పుస్తకంలో వేలిముద్ర వేసేది. వెంటనే పాక వెనక్కి వెళ్ళి ఉమ్మేసేది.

ఉమ్ముతుండగా నేను చూశాను.

నేను తాలూకా కచేరీలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా పని చేసి విరమించినవాణ్ణి. విద్యాభిమాని అన్న పేరుతో బడి కమిటీలో నన్ను వేసుకున్నారు. వారానికి రెండు రోజులు వెళ్ళి హాజరు పుస్తకాలు తిరగేసేవాణ్ణి. ఆ రోజు ఆమెను పిలిచి, ఏమ్మా, నువ్వు వండింది నువ్వే తినవా అని అడిగాను.

“ఆకలి నేదు మావా.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నాకు దొంగతనంలా కనిపించింది. సంచీతో గెడ్డ వైపు వెళ్ళడం కూడా అంతకుముందు రెండుసార్లు చూశాను.

హుద్‌హుద్ తుఫాను దాటిన నెలకు ఐదుగురు పిల్లలకు వాంతులయ్యాయి. ఊరంతా బడి అన్నం మీద పడింది. నేను ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే అర్జీ రాశాను. తేదీ పదిహేడు, నవంబరు, రెండువేల పద్నాలుగు. నకలు నా దగ్గర ఉంది. ఇక్కడ దించుతున్నాను: “సదరు వంటమనిషి తాను వండిన అన్నమును తాను భుజించుటకు నిరాకరించుచున్నది. రుచి చూచినట్లు పుస్తకమున వేలిముద్ర వేసి, పిదప ఉమ్మివేయుట నేను స్వయముగా చూచితిని. పనివేళలో తరచు సంచితో బయటకు పోవుచున్నది. ఆమె అలవాట్లు పరిశుభ్రమైనవి కావు. వండిన చేయి తినని అన్నము పసిపిల్లలకు పెట్టుట ఏ ధర్మము?”

చివరి వాక్యం రాసి, బాగుందని మళ్ళీ చదువుకున్నాను. ఆ సంగతి కూడా దాచడం లేదు.

వారం తిరగకుండా ఆమెను ఆపేశారు. హెడ్మాస్టరు మురళీమోహన్ మెత్తని మనిషి. విచారణ అయ్యేదాకా రావద్దని నోటిమాటగా చెప్పాడు. ఆమె గరిట కడిగి గోడకు తగిలించి వెళ్ళిందని బుల్లమ్మ చెప్పింది. పిల్లలకు విషం పెట్టబోయిందన్న మాట అప్పటికే వీధుల్లో తిరుగుతోంది. నూకయ్య మిల్లుకు వెళ్ళే దారి మార్చుకున్నాడు.

జనవరిలో బడి బోరు నీటి పరీక్ష ఫలితం వచ్చింది. తుఫాను నీరు దిగి బోరు చెడిందని, తాగడానికి పనికిరాదని ఉంది. తప్పు అన్నానిది కాదు. ఆ కాగితం చూసి మురళీమోహన్ బోరుకు తాళం వేయించాడు. కూర్మమ్మ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అన్నం మంచిదే అయితే ఎందుకు ఉమ్మేసింది అన్న ప్రశ్న నా దగ్గర ఇంకా ఉంది. దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

ఫిబ్రవరిలో మినుము చేలో ఆమె కూలిపోయింది. విరేచనం తారులా నల్లగా అవుతోందని అప్పుడు గాని హేమకు తెలియలేదు. విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. పదకొండు రోజులు ఉంచారు. తిరిగి వచ్చిన మర్నాడు నూకయ్య కాగితాల కట్ట పట్టుకుని మా అరుగు దగ్గర నిలబడ్డాడు. ఊళ్ళో ఇంగ్లీషు కాగితాలన్నీ చదివేది నేనే. తన భార్య పని పోవడానికి ఆ చదువే కారణమని తెలిసి కూడా అతడు నా దగ్గరకే రావలసి వచ్చింది.

“ఇది సదివి సెప్పు పెదనాన్నా. మీ కోడలు సెప్పమంది, నీకు తప్ప ఎవులికీ సూపించొద్దంట.”

నాలుగు పేజీలు. రెండుసార్లు చదివాను. జబ్బు పేరు సిస్టమిక్ స్క్లెరోసిస్. పైకి చర్మం బిగిసే జబ్బులా కనిపిస్తుంది గాని బిగింపు లోపలిదాకా పోతుంది. గొంతు నుంచి కిందిదాకా ఉన్న అన్నపు దారి అంతా కండరమే. అది అలలు అలలుగా కదిలి తిన్నదాన్ని కిందికి తోస్తుంది. ఈ జబ్బులో ఆ కండరం సన్నబడి, నారగట్టి, కదలడం మానేస్తుంది. అన్నవాహిక వదులైపోయి ముద్ద నిలిచిపోతుంది. దాని అడుగున ఉండే మూత సరిగా పడక పులుసు పైకి తంతుంది. పేగులో అన్నం నిలవ ఉండి క్రిములు పెరుగుతాయి. ఉబ్బరం, విరేచనాలు, ఒంటికి తిండి పట్టకపోవడం అందుకే. జీర్ణాశయం లోపలి గోడ మీద పుచ్చకాయ చారల్లాంటి ఎర్రని గీతలు కనిపించాయని, వాటి నుంచి చాలాకాలంగా రక్తం కారుతోందని, గొట్టం వేసి వాటిని కాల్చామని రాశారు. చివరి పేజీలో మలద్వారపు బిగువు పోయిందని, రెండేళ్ళుగా మలం ఆగడం లేదని, రోగి సిగ్గు వల్ల ఎవరికీ చెప్పలేదని ఉంది.

రోగి పగటిపూట ఆహారం మానివేయుచున్నది, వృత్తి వంట, అని ఒక ముక్క ఉంది. ఆ ముక్క దగ్గర నా వేలు ఆగిపోయింది.

నూకయ్య నా ముఖం చూస్తున్నాడు. నేను అర్థం చెప్పాను. అతడు కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. అతడు నన్ను నాలుగు మాటలు అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. మంచం తల వైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టారు, తిన్నది పైకి రాకుండా. ఆమె చిన్న చెంచాతో గంజి తాగుతోంది. మందులు పని చేస్తున్నాయి. పది రోజులుగా విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. కొంచెం కొంచెంగా ఆరుసార్లు తినమన్నారట. తప్పు చేశానమ్మా అన్నాను. ఆమె చెంచా దించలేదు.

“తప్పంటే ఏటి సేస్తాను మావా. ఆ బడి పని నాకు మల్లీ వస్తాదేటి, అది సెప్పు.”

వచ్చేలా చేస్తానన్నాను. కమిటీ ముందు నేనే మాట్లాడతానన్నాను. అప్పుడు చెంచా పక్కన పెట్టింది.

“అన్నం తప్పు కాదని సెప్పు. నాకు ఒంట్లో బాగోనేదని సెప్పు. నా కడుపు మాట మాత్రం సెప్పకు. ఆ సివరి కాయితం ఎవులికీ సదవకు. పిల్లలికి వడ్డించీ సెయ్యి మావా ఇది.”

మాట ఇచ్చాను. ఆమె కాగితాల కట్ట నా చేతికిచ్చింది. వాటిలో అడుగున ఒక అర పేజీ ధ్రువపత్రం కూడా ఉంది. చికిత్స తరువాత ఈమె తన పని చేసుకోవచ్చు, ఈ జబ్బు అంటేది కాదు అని రెండు వాక్యాలు, ముద్ర. అది చాలు. కావలసింది అదొక్కటే.

మార్చి ఏడు, శనివారం. కమిటీ సమావేశం ఐదో తరగతి గదిలో జరిగింది. తొమ్మిది మందిమి. అధ్యక్షుడు జోగయ్య, కోడిగుడ్ల వర్తకుడు, నోరు పెద్దది. కూర్మమ్మ ఆ రోజు వచ్చిందని నాకు తెలియదు. కిటికీకి అవతల పాకలో బుల్లమ్మతో కలిసి టీ గ్లాసులు కడుగుతోంది.

నేను నిలబడి నీటి పరీక్ష కాగితం చదివాను. నా అర్జీ పొరపాటని ఒప్పుకున్నాను. ధ్రువపత్రం చదివాను. అక్కడితో కూర్చుని ఉంటే సరిపోయేది. కాని జోగయ్య చుట్ట చెవి మీంచి తీసి, తీరిగ్గా అన్నాడు.

“అప్పుడు ఆమెది మురికి సెయ్యని నువ్వే రాసినావు. ఇప్పుడు మంచి సెయ్యని నువ్వే సదువుతన్నావు. నీ కలం ఎటు తిరిగితే ఊరు అటు తిరగాలేటి బావా?”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్విన వాళ్ళను సిగ్గుపడేలా చేయాలనిపించింది. నా అర్జీని మించిన కాగితం ఒకటి నా చేతిలో ఉంది. దాన్ని వాళ్ళ ముఖాన కొట్టాలనిపించింది. ఆమె కోసమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగు పేజీలూ చదివాను. ఇంగ్లీషు వాక్యం చదివి, దాని తెలుగు చెప్పి, మళ్ళీ వాక్యం. చివరి పేజీ కూడా. గొంతు హెచ్చించి చదివాను, కోర్టులో తీర్పు చదివినట్టు. పిల్లల అన్నం శుభ్రంగా ఉండాలని ఈ తల్లి ఏడాదిన్నర పస్తులుంది, మనం ఆమెను ఏమన్నాం అని అడిగాను.

జోగయ్య చుట్ట చేతిలోనే ఉంది. గెలిచాననుకున్నాను. అప్పుడు కమిటీలో ఉన్న ఒకావిడ, పిల్లల తల్లి, మంచి మనిషే, తన చేతిలో ఉన్న టీ గ్లాసు వైపు చూసి, దాన్ని నెమ్మదిగా కింద పెట్టి కాలితో కొంచెం దూరం జరిపింది. పక్కావిడ కూడా జరిపింది. నేను కిటికీ వైపు తిరిగాను. కూర్మమ్మ కడిగిన గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆమె నన్ను చూడలేదు, ఆ రెండు గ్లాసులను చూస్తోంది.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు. సోమవారం నుంచి ఆమె తిరిగి పనిలోకి రావచ్చు. జోగయ్య కూడా సంతకం పెట్టాడు. ఆ కాగితం పట్టుకుని ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టింది. ఏకగ్రీవం అన్నాను. ఒక్కరు కూడా కాదనలేదన్నాను.

ఆమె గొంతు పెంచలేదు.

“దొంగంటే దొంగనని తిరిగీదాన్ని మావా. వండింది తిననిదంటే తిననిదాన్నని ఊరుకునీదాన్ని. ఆ మాటలు నా ఎనక అనుకునీవోలు, నా ఎదర తల దించుకునీవోలు. ఇప్పుడు నానెదురొస్తే ఎవులూ నా మొకం సూడరు. నా సీర ఎనక సూస్తారు. పళ్ళెంలో అన్నం పెడితే పిల్లలు తింటారు. ఆల అమ్మలు తిననిస్తారేటి?”

ఒకసారి రమ్మన్నాను, నాలుగు రోజులు పోతే మరచిపోతారన్నాను.

“నువ్వు మరిసిపోతావేటి?”

తలుపు వేసుకుంది. వీధి చివర బుల్లమ్మ ఎదురైంది. ఆమె నన్ను అంతకుముందు ఏనాడూ పల్లెత్తు మాట అన్నది కాదు. “ఇంత సదువు సదివినావు. ఒక కాయితం సదవకుండా మడిసి జేబులో ఎట్టుకోడం నేర్సుకోనేదేటి మావా?” అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

కూర్మమ్మ సోమవారం బడికి వెళ్ళలేదు. ఆ తరువాత ఎప్పుడూ వెళ్ళలేదు. ఆమె చోటులో వేరే ఆవిడను పెట్టారు. నేను కమిటీకి రాజీనామా ఇచ్చాను. దానివల్ల ఎవరికీ ఒరిగింది లేదు. ఎవరికీ హాని చేయకుండా ఉండాలంటే ఇల్లు కదలకుండా కూర్చోవాలని ఆ వయసులో తెలుసుకున్నాను. ఆమె నాలుగు మేకలు కొనుక్కుంది. గట్టిపడిన వేళ్ళతో తాడు ముడి వేయలేక, పళ్ళతో బిగించేది. నోరు అంతగా తెరుచుకోదు కనుక దానికీ చాలాసేపు పట్టేది. నేను ఎదురైతే మేకలను పక్కకు తోలుకునిపోయేది. ఏడాదిపైన మూడు నెలలు ఒక్క మాట లేదు.

రెండువేల పదహారు జూన్‌లో ఒక పొద్దుట మా అరుగు కిందికి వచ్చి నిలబడింది.

“హేమకి నెలలు నిండినాయి, నాతో ఆసుపత్రికి రానేదు. కాయితాలు సదివీవోలు ఇంకెవులూ నేరు. బేగి నడు, రైలు వచ్చీ యాల అయినాది.”

క్షమించింది అనుకోవద్దు. అవసరం వచ్చింది, అంతే. నేను చొక్కా తొడుక్కుని బయలుదేరాను. అప్పటి నుంచి రెండు నెలలకొకసారి నెల్లిమర్లలో పాసింజరు ఎక్కి విశాఖపట్నం వెళ్ళేవాళ్ళం. పెట్టెలో చోటు ఎంత ఉన్నా ఆమె మరుగుదొడ్డి తలుపు పక్కనే కూర్చునేది. నేను నాలుగు వరసల అవతల కూర్చునేవాణ్ణి. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగినదానికి ఆమె జవాబు చెప్పేది. కాగితంలో మందు పేరు మాత్రం నేను చదివేవాణ్ణి. క్రిములకిచ్చే మందు నెలకొకటి మారుస్తారు, ఒకటే వాడితే లొంగవట. అది గుర్తు పెట్టుకోవడం నా పని. కడుపు మాట వచ్చినప్పుడు నేను అడక్కుండానే లేచి బయటికి వచ్చేసేవాణ్ణి. ఏడాదికి ఒంట్లో కొంచెం కండ పట్టింది. అన్నం మెత్తగా పిసికి చెంచాతో తినేది. గొట్టం వేసి మరోసారి చారలు కాల్చారు. జబ్బు పోదని, ఆగి ఉంటే అదే మేలని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

రెండువేల పదిహేడు ఆగస్టులో వెళ్ళినప్పుడు వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. మా పక్కన బల్ల మీద ఒక మనిషి పట్టే చోటు ఖాళీ ఉంది. దానికి ఎదురుగా గోడను ఆనుకుని ఒక అమ్మాయి నిలబడింది. ముప్పై ఏళ్ళుండవచ్చు. ముఖం నున్నగా, బిగువుగా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమదాలవలస నుంచి పొద్దుటి రైలుకు వచ్చానని ఎవరో అడిగితే చెప్పింది. కూర్చోమ్మా అని నేను అన్నాను. అక్కర్లేదంది. గంట గడిచింది. మళ్ళీ ఎవరో కూర్చోమన్నారు. ఇంకా గోడకు అతుక్కుపోయింది. ముదురు రంగు చీర.

కూర్మమ్మ ఆ అమ్మాయి వేళ్ళ వైపు చూస్తోంది. చాలాసేపు చూసింది. తరువాత నా వైపు తిరగకుండానే అంది.

“మావా, నువ్వు ఆ నీల్ల కుండీ కాడకెల్లి కూకో.”

వెళ్ళాను. నీళ్ళ కుండీ వరండాకు ఆ చివర ఉంది. అక్కడి నుంచి చూస్తే ఇద్దరూ కనిపిస్తున్నారు. కూర్మమ్మ లేచి, ఆ అమ్మాయి పక్కన తానూ గోడకు ఆనుకుని నిలబడింది. ముందు తన రెండు చేతులూ చాపి చూపించింది. తరువాత నోరు తెరవగలిగినంత తెరిచి చూపించింది. తరువాత మాట్లాడడం మొదలుపెట్టింది. చెయ్యి పొట్ట మీద పెట్టి, కిందికి చూపించి, ఏదో చెబుతోంది. సభలో నేను చదివినవన్నీ చెబుతోందని నాకు తెలుసు. నేను చదవనివి కూడా చెబుతోందేమో. ఆ అమ్మాయి మొదట నేల చూపులు చూసింది. తరువాత కూర్మమ్మ ముఖంలోకి చూసింది. ఎప్పుడో కొంగు నోటి మీద నుంచి జారింది, సర్దుకోలేదు. ఒకసారి ఇద్దరూ నవ్వారు, ఆ బిగిసిన పెదవులతో సగం సగంగా. నాకు ఒక్క మాట వినపడలేదు. వినపడేంత దగ్గరకు నేను వెళ్ళలేదు.

మేము లేచిన చోట్లలో అప్పటికే వేరేవాళ్ళు కూర్చున్నారు. కాసేపటికి ఇద్దరూ వచ్చి, ఇరుక్కుని, ఆ ఒక్క చోటులో కూర్చున్నారు.

తిరుగు రైలులో మొదటిసారి ఆమె నా ఎదుటి బల్ల మీద కూర్చుంది. ఆ అమ్మాయి ఎవరని అడిగాను. పేరు రాణి అని, పది చదివిందని, ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదని చెప్పింది. ఏం మాట్లాడుకున్నారని అడగలేదు. విజయనగరం దాటాక ఆమె తనంతట తానే అంది.

“ఆ పిల్లా నానూ పై తడవ నుంచీ ఒకే రోజు వస్తాం. నా కాయితాలు ఆ పిల్ల సదువుతాది. నువ్వు ఇంక రానక్కర్నేదు మావా.”

సరేనమ్మా అన్నాను. నెల్లిమర్లలో దిగాక కాగితాల సంచి నా చేతిలోంచి తీసుకుని, చంకన పెట్టుకుని, నాకంటే ముందు నడిచింది.